బిడ్డ నిజము చెప్పిన దినమున

పఠనము: యెషయా 56:1–8, అపొస్తలుల కార్యములు 8:26–40



సండే స్కూలులో మన పిల్లలకు మొదట నేర్పు పాఠములలో ఒకటి, అబద్ధమాడరాదనునది. అననీయ సప్పీరాల కథ చెప్పుదుము. పది ఆజ్ఞలు వల్లె వేయింతుము. అట్లు నేర్చిన పిల్లవాడే పెరిగి పెద్దవాడై, హైదరాబాదులో ఉద్యోగము చేయుచు, క్రిస్మసు సెలవులకు ఇంటికి వచ్చి తల్లితో ఇట్లు చెప్పెననుకొనుడు: "అమ్మా, నాకు సంబంధాలు చూడొద్దు. ఆడపిల్లల మీద నాకు మనసు లేదు. చిన్నప్పటినుంచీ నా మనసు మగవాళ్ల వైపే పోతుంది. నీకు అబద్ధం చెప్పి బతకలేను." లేదా ఒక కూతురు తన స్నేహితురాలిని గూర్చి తండ్రితో ఇట్టి మాటయే చెప్పెననుకొనుడు. ఆ దినమున మనము ఆ బిడ్డకు ఏమి జవాబు చెప్పుదుము? నిజము పలుకుమని నేర్పిన మనమే, "ఈ మాట మరల నోటివెంట రానియ్యకు, మా పరువు తీయకు" అందుమా? అట్లనినయెడల మనము బిడ్డను అడుగుచున్నది పరిశుద్ధతనా, అబద్ధమునా? ఈ నెల ఈ ప్రశ్నను మీ యెదుట ఉంచుచున్నాము.

ఇది మన పల్లెల సంగతియేనా?

"ఇవన్నియు అమెరికా సంగతులు, పట్టణముల సంగతులు, అమలాపురము, రాజోలు, కొత్తపేట తాలూకాల పల్లెలలో ఇట్టివి లేవు" అని కొందరు పెద్దలనుట కలదు. గే, లెస్బియన్ అను మాటలు మనకు సినిమాలతోను సెల్‌ఫోనులతోను వచ్చిన మాట నిజమే. మనుష్యులు మాత్రము అంతకు ముందునుండియు మనలో ఉన్నారు. బడిలో "ఆడంగి" అని తోటిపిల్లలచేత ఏడిపింపబడిన పిల్లవాడు ప్రతి యూరిలోను ఉండెను. నలువది యేండ్లు వచ్చినను పెండ్లి మాట ఎత్తనియ్యని మేనమామ, ఎందుకో ఎవరికిని చెప్పక బ్రతికి చనిపోయిన పెద్దమ్మ అనేక కుటుంబములలో ఉండిరి. వారందరును ఇట్టివారేయని మేము చెప్పుట లేదు. వారిలో కొందరైనను ఈ భారమును ఒంటరిగా మోసియుందురు; వారిని అడిగినవారు లేరు, అడిగినను చెప్పుటకు వారికి ధైర్యము లేదు.

ఇచ్చట ఒక మాట స్పష్టము చేయవలెను. పురుషునిగా పుట్టి తాను స్త్రీననియు, స్త్రీగా పుట్టి తాను పురుషుడననియు ఎరుగువారిని ట్రాన్స్‌జెండర్ వ్యక్తులందురు. హిజ్రాలను మనము బజారులోను రైళ్లలోను చూచుచున్నాము. వారి సంగతి వేరు. ఇచ్చట మేము చెప్పుచున్నది, పురుషుడు పురుషుడుగానే యుండి, స్త్రీ స్త్రీగానే యుండి, తనవంటివారివైపే మనస్సు పోవువారిని గూర్చి. చూచుటకు వారిలో ఏ భేదమును కనబడదు. మన క్వయరులో పాడు పిల్లవాడు కావచ్చును, వి.బి.యస్.లో చిన్నపిల్లలకు పాటలు నేర్పు అమ్మాయి కావచ్చును.

ఏమి మారినది?

1860 నాటి శిక్షాస్మృతిలో ఆంగ్లేయులు చేర్చిన 377వ సెక్షను ఇట్టివారి కలయికను నేరముగా ఎంచెను. 2018 సెప్టెంబరు 6వ తేదీన సుప్రీంకోర్టులో ఐదుగురు న్యాయమూర్తులు కూర్చుండి, ఈడు వచ్చిన ఇద్దరు ఇష్టపూర్వకముగా కలిసియుండుట నేరము కాదని ఏకాభిప్రాయముతో తీర్పు చెప్పిరి. వారిలో ఒకరైన న్యాయమూర్తి ఇందూ మల్హోత్రాగారు, ఇన్నాళ్లు అవమానము అనుభవించిన వీరికిని, వీరి కుటుంబములకును చరిత్ర క్షమాపణ చెప్పుకొనవలసియున్నదని వ్రాసిరి. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షను లేనేలేదు. అయితే వీరి వివాహమునకు చట్టములో స్థానము లేదు. అది శాసనకర్తలు తేల్చవలసిన సంగతియని సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17న చెప్పెను.

వైద్యుల మాటయు మారెను. అమెరికా మానసిక వైద్యుల సంఘము 1973లోను, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోను దీనిని రోగముల పట్టికనుండి తీసివేసెను. మన దేశపు మానసిక వైద్యుల సంఘము ఇది రోగము కాదని 2018లో చెప్పెను. మందులతోను షాకులతోను ఇట్టివారిని "మార్చెదము" అను చికిత్స వైద్యునికి తగని దుష్ప్రవర్తనయని 2022లో జాతీయ వైద్య కమిషను నిర్ణయించెను. కాబట్టి ఎవరైనను డబ్బు తీసికొని మీ బిడ్డను మార్చెదనని చెప్పినయెడల, అతని మాట నమ్మకుడి.

మన రాష్ట్రపు సంగతి ఒకటి చెప్పుదుము. విజయవాడలో కలిసి కాపురముండిన ఇద్దరు యువతులలో ఒకామెను ఆమె తండ్రి తీసికొనిపోయి నర్సీపట్నములోని ఇంట నిర్బంధించెనని రెండవ యువతి ఆంధ్రప్రదేశ్ హైకోర్టును ఆశ్రయించెను. 2024 డిసెంబరులో న్యాయమూర్తులు ఆర్. రఘునందనరావు, కె. మహేశ్వరరావు గార్లు, ఈడు వచ్చిన స్త్రీ తన యిష్టము చొప్పున తన జీవితమును నిర్ణయించుకొనవచ్చుననియు, తల్లిదండ్రులు అడ్డుపడరాదనియు ఉత్తర్వు చేసిరి. ఆ కూతురు తన వారిమీది ఫిర్యాదును విడిచిపెట్టుకొనుటకు సిద్ధపడెను. ఆమె పగ కోరలేదు. బ్రదుకనిమ్మని మాత్రమే కోరెను. ఆ తీర్పు ఆ ఇంటి తాళము తీయించెను. అయినను ఆ తండ్రి కూతుళ్లు మరల ఒక విస్తరియొద్ద కూర్చుండునట్లు చేయుట ఏ కోర్టునకును సాధ్యము కాదు. అది కుటుంబముల పని, సంఘముల పని.

ఆ పని చేయుచున్న తల్లిదండ్రులును లేకపోలేదు. 2021 డిసెంబరులో హైదరాబాదు శివార్లలో సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ అను ఇద్దరు యువకులు చేసికొన్న వేడుకకు వారి కుటుంబములవారు వచ్చి దీవించిరి. 2023లో "స్వీకార్" అను సమూహమునకు చెందిన 400 మందికి పైగా తల్లిదండ్రులు, మా పిల్లల కాపురములకును చట్టపు రక్షణ చూడవలెనని సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరము వ్రాసిరి. వీరందరు మొదటి దినముననే సంతోషించినవారని తలంపకుడి. ఏడ్చి, కోపపడి, మాటలు మానివేసి, మరల బిడ్డ ముఖము చూచి మనస్సు మార్చుకొనినవారు అనేకులు.

మనము చేయుచున్న మూడు చికిత్సలు

మన ప్రాంతమున ఇట్టి మాట వినిన కుటుంబములు సాధారణముగా మూడు దారులు త్రొక్కుచుండును.

మొదటిది, దయ్యము పట్టినదనుట. బిడ్డను ఉపవాస కూటములకు త్రిప్పి, నూనె రాసి, కేకలు వేసి, కొట్టించువారును కలరు. ప్రార్థన మంచిదే. కాని తాను ఏ తప్పును చేయక, ఉన్న మాట చెప్పిన బిడ్డను పదిమంది ఎదుట నిలువబెట్టి దయ్యమా వెళ్లుమని గద్దించినయెడల, ఆ బిడ్డలోనుండి వెళ్లిపోవునది దయ్యము కాదు, దేవుని మీదను తల్లిదండ్రుల మీదను ఉండిన నమ్మకము.

రెండవది, గల్ఫు పంపుట. కోనసీమలో కువైటు, దుబాయి, మస్కటు మనకు పొరుగూళ్లవంటివి. "నాలుగేండ్లు ఎడారిలో కష్టపడితే ఇవన్నీ మరచిపోతాడు" అందురు. కువైటు చట్టము పురుషుల మధ్య ఇట్టి సంబంధమునకు ఏడేండ్లవరకు ఖైదు విధించునని ఆ తల్లిదండ్రులు ఎరుగుదురా? ఇక్కడ నేరము కానిది అక్కడ నేరము. బిడ్డను కాపాడుచున్నామనుకొని ప్రమాదమునకు అప్పగించుచున్నాము.

మూడవది పెండ్లి. ఇదియే అన్నిటికంటె ఎక్కువగా జరుగుచున్నది. దీనిని గూర్చియే మేము ముఖ్యముగా చెప్పదలచినాము. "పెండ్లయితే అన్నీ సర్దుకొంటాయి" అను మాట మన పెద్దల నోట ఎంత సులభముగా వచ్చును! కాని పెండ్లి ఒక్కరి సంగతి కాదు. ఆ చికిత్సకు మందుగా వాడబడుచున్నది ఎవరు? ముమ్మిడివరమునుండియో పాలకొల్లునుండియో వచ్చిన ఒక అమాయకురాలగు పిల్ల. ఆమె తల్లి గల్ఫులో ఇతరుల ఇండ్లలో పాత్రలు తోమి కూడబెట్టినది కట్నముగా వచ్చును. పెండ్లియైన పిమ్మట భర్త తనను తాకడు. నాలో ఏమి లోపమున్నదని ఆమె అద్దము చూచుకొని ఏడ్చును. రెండేండ్లు గడచిన తరువాత ఊరివారు ఆమెనే గొడ్రాలందురు. అతడు అట్టివాడని ఎరిగినవారు, అనగా అతని తల్లిదండ్రులు, నోరు మెదపరు. కూతురి విషయములో అయితే ఇంకను కఠినము. ఇష్టము లేని పురుషునికి ఆమెను అప్పగించి, ఆ గది తలుపు వెలుపలనుండి మూసి, మన బాధ్యత తీరినదనుకొందుము.

అనేక సంఘములలో పెండ్లికి ముందు మూడు ఆదివారములు ప్రకటన చదువుదురు. ఈ వివాహమునకు అభ్యంతరమెరిగినవారు ఎవరైన ఉన్నచో తెలుపవలెనని అయ్యగారు అడుగుదురు. ఆ మూడు ఆదివారములును ఆ తండ్రియు తల్లియు ముందు వరుసలోనే కూర్చుండి, ఎరిగియు మౌనముగా ఉందురు. తరువాత ఆ యువకుడు దేవుని సన్నిధిని, సంఘము ఎదుట, తన హృదయములో లేని ప్రమాణము చేయును. చేయించినది మనము. అననీయ సప్పీరాల తప్పేమి? భార్యాభర్తలిద్దరు ఏకమై, పరువు కొరకు, దేవుని సంఘము ఎదుట ఒక సంగతి దాచిరి. మన పిల్లలకు భయపెట్టుటకు చెప్పు ఆ కథను మనమే మందిరములో మరల నడిపించుచున్నాము. వివాహమునకు దేవుడే సాక్షియని మలాకీ ప్రవక్త బోధించెను. ఆ సాక్షి ఎదుట అబద్ధమాడించుట కంటె, పెండ్లి లేని కుమారుని ఇంట నుంచుకొనుట ఎక్కువ పాపమా? ఆలోచించుడి.

వాక్యము ఏమి చెప్పుచున్నది?

"లేవీయకాండము 18వ అధ్యాయము మాటేమి? రోమా పత్రిక మొదటి అధ్యాయము మాటేమి?" అని మీలో అనేకులు అడుగుదురు. అడుగుట న్యాయమే. ఆ వాక్యభాగములున్నవి, అవి లేనట్లు నటించుట మా పని కాదు. ఇట్టి క్రియ సర్వకాలములయందును పాపమని వాటిని బట్టి నమ్మువారు మన సంఘములలో అనేకులు. ఆ వాక్యములు విగ్రహారాధన, బలాత్కారము, కామాతురతలను గూర్చినవి గాని, ఇద్దరి నమ్మకమైన ప్రేమను గూర్చినవి కావని చెప్పు వేదపండితులును కలరు. ఈ వివాదమును ఈ పుటలలో తేల్చబోము. ఏ పక్షమువారైనను ఒప్పుకొనవలసిన సంగతులు కొన్ని ఉన్నవి.

మొదటిది, సొదొమ పాపమును పేరుపెట్టి చెప్పునప్పుడు యెహెజ్కేలు 16వ అధ్యాయములో ప్రవక్త ముందుగా చూపినది గర్వమును, కడుపునిండిన తనమును, దీనులకు చేయి అందింపకపోవుటయును. ఇంటికి వచ్చినవానిని వీధిపాలు చేయువారే సొదొమకు దగ్గరివారు. రెండవది, రోమా మొదటి అధ్యాయము చదివి ఆగిపోవువాడు పౌలు మాట సగమే వినినవాడు. రెండవ అధ్యాయపు మొదటి మాటలోనే అపొస్తలుడు తీర్పు తీర్చుచున్నవాని వైపు తిరిగి, నీకును సాకు లేదనుచున్నాడు. మూడవది, బిడ్డను కొట్టుమనియు, ఇంటినుండి వెళ్లగొట్టుమనియు, పొరుగింటి పిల్ల బ్రతుకును పాడుచేయుమనియు క్రొత్త నిబంధనలో ఎక్కడను ఆజ్ఞ లేదు.

మన పఠన భాగములను చూడుడి. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయము నపుంసకుని యెహోవా సమాజములో చేరనియ్యదు. అదే దేవుడు యెషయా 56వ అధ్యాయములో నపుంసకుని పిలిచి, ఎండిన చెట్టునని నిన్ను నీవు తక్కువ చేసికొనవద్దని ఓదార్చి, తన ఇంట కుమారులకంటెను కుమార్తెలకంటెను గొప్ప పేరు వానికి వాగ్దానము చేయుచున్నాడు. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయములో ఐతియొపీయుడైన నపుంసకుడు రథములో కూర్చుండి చదువుచున్నది ఆ యెషయా గ్రంథమునే. ఆరాధించుటకు అంత దూరము యెరూషలేమునకు వెళ్లి తిరిగి వచ్చుచున్నాడు. అట్టివాడు నీళ్లను చూచి, బాప్తిస్మము పొందుటకు తనకు అడ్డమేమున్నదని ఫిలిప్పును అడిగెను. ఫిలిప్పు చెప్పదలచినయెడల అడ్డములు చాలా ఉన్నవి. పరదేశి, ధర్మశాస్త్రము ప్రకారము సమాజమునకు వెలియైనవాడు. ఫిలిప్పు ఒక్కటియు చెప్పలేదు. ఇద్దరును నీళ్లలోనికి దిగిరి.

నపుంసకుని సంగతియు, మనము చెప్పుచున్న యువకుల సంగతియు ఒక్కటి కాదు, అది మేమెరుగుదుము. సంతానమును వంశమును లోకమునకు చూపలేక, ఎండిన చెట్టు అనిపించుకొన్న మనిషిని దేవుడు ఎట్లు చూచెనో మాత్రము అక్కడ మనకు స్పష్టముగా కనబడుచున్నది.

వెలి అనగానేమో మనమెరుగుదుము

మనలో అనేకుల తాతలు ఊరిబావి గట్టు ఎక్కనెరుగరు. పైనుండి ఎవరైన పోసినప్పుడు దోసిలి పట్టి త్రాగినవారు. వారు చేసిన తప్పేమి? ఒక పేటలో పుట్టుట. పుట్టుకను బట్టి మనిషిని మైలయనుట ఎంత ఘోరమో పుస్తకములు చదివి నేర్చుకొనవలసిన అగత్యము మనకు లేదు. 1836లో విలియం బౌడెన్, జార్జి బీరు అను వారు హిందూదేశమునకు వచ్చి, వశిష్ఠకు ఆవలనున్న నరసాపురము కేంద్రముగా పని ఆరంభించినది మొదలు, ఈ గోదావరి లంకలలో సువార్తను ఎక్కువగా అంగీకరించినవారు అట్టి పేటలవారే. ఏ మనుష్యుని నిషేధింపదగినవాడని యెంచకూడదని కొర్నేలి ఇంట పేతురు నేర్చిన పాఠము మనకు అన్నమువంటిదాయెను. 2022లో ఏర్పడిన మన జిల్లా డాక్టరు అంబేద్కరుగారి పేరు మోయుచున్నది. ఆ పేరును గౌరవించు మనము, మన ఇంటిలోనే ఒక బిడ్డను మైలగా ఎంచి వెలుపల నిలుపుట తగునా? బావి గట్టు దిగువన నిలిచి దోసిలి పట్టినవారి మనుమలు, తమ బిడ్డ దోసిలి పట్టునప్పుడు ముఖము త్రిప్పుకొనరాదు.

మనము చేయదగినది

బిడ్డ ఈ మాట చెప్పిన దినమున తల్లిదండ్రులకు అంతయు అర్థము కానక్కరలేదు. "నీవు చెప్పినది నాకు తెలియదు, నాకు భయముగా ఉన్నది, అయినను నీవు నా బిడ్డవే, అన్నము తిను" అనుట చాలును. ఆ రాత్రి చెప్పిన ఒక్క మాట బిడ్డ ప్రాణము నిలుపవచ్చును, లేక తీయవచ్చును. బిడ్డ మాటలలో చావు తలంపు కనబడినయెడల విడిచి కదలకుడి. టెలి మానస్ అను ప్రభుత్వ సహాయ సంఖ్య 14416 కు ఫోను చేసినయెడల పగలు రాత్రి ఉచితముగా, తెలుగులోనే మాటలాడుదురు.

అయ్యగార్లు, సంఘ పెద్దలు తమతో రహస్యముగా చెప్పబడిన సంగతిని రహస్యముగానే ఉంచవలెను. స్త్రీల కూటములో "ఫలానావారి అబ్బాయి కొరకు ప్రార్థించండి, సంగతి ఇప్పుడు చెప్పలేము" అనుట ప్రార్థన కాదు, చాడీ. వెంటనే ప్రసంగము చేయక, ముందు నేర్చుకొనుట మంచిది. 2021లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఎన్. ఆనంద్ వెంకటేశ్‌గారు ఇట్టి ఇద్దరు యువతుల కేసు విచారించుచు, ఈ సంగతి తనకే సరిగా తెలియదని ఒప్పుకొని, మానసిక శాస్త్రము తెలిసినవారి యొద్ద కూర్చుండి నేర్చుకొనిన పిమ్మట తీర్పు వ్రాసిరి. న్యాయపీఠము మీద కూర్చున్నవారికి లేని సిగ్గు మనకెందుకు?

యవ్వనస్థుల కూటములలో "ఆడంగి" వంటి మాటలతో నవ్వులాట జరుగకుండ చూడవలెను. ఆ నవ్వులో తానును కలిసి నవ్వుచు లోలోపల కుమిలిపోవుచున్నవాడు ఆ గదిలోనే ఉండవచ్చును. సంబంధము చూచు పెద్దలు అబ్బాయి ఉద్యోగమును, పొలమును మాత్రమే కాక, "నీకు ఈ పెండ్లి నిజముగా ఇష్టమేనా?" అని అతనిని ఒంటరిగా అడుగవలెను, అమ్మాయిని కూడ అట్లే అడుగవలెను. కాదన్నయెడల, ఎందుకని నిలదీయక ఆగవలెను.

ఇట్టి బిడ్డలు మనలోనుండి వెళ్లిపోవుచున్నారు. హైదరాబాదు వెళ్లినవారు క్రిస్మసునకును రారు. వచ్చినను మందిరములో వెనుక బల్లమీద కూర్చుండి, ఆశీర్వచనమునకు ముందే లేచిపోవుదురు. వారికి ప్రభువు మీద కోపము లేదు. మనలను చూచి భయము. ఆ భయము తీర్చుట మన చేతిలో ఉన్నది. రాబోవు సెలవులలో మీ ఇంటికి వచ్చు బిడ్డ ఏదో చెప్పబోయి ఆగినయెడల, మీరే దగ్గర కూర్చుండి, "చెప్పు నాన్నా, వింటాను" అనుడి.

ప్రార్థన: ప్రభువా, మా పిల్లలను మాకిచ్చినవాడవు నీవే. వారు నిజము చెప్పునప్పుడు వినుటకు మాకు చెవులిమ్ము. పరువు కొరకు అబద్ధమాడకుండ మా నోటిని కాపాడుము. వెలుపల నిలిచియున్నవారిని లోపలికి పిలుచుటకు మా భయమును తీసివేయుము. ఆమేన్.